కుమూహాలాకి రెండో దారి

హీలో, హవాయి
జనవరి 9

డెల్ఫీనా వదినకి,

ఏడేళ్ల తర్వాత నా దస్తూరీ చూస్తే కవరు కూడా చింపకుండా పొయ్యిలో పడేస్తావని, పైన కమిటీ ముద్ర వేసి పంపుతున్నాను. ఫోన్ చేస్తే నువ్వు పెట్టేస్తావు. పెట్టెయ్యకపోతే రేపు "నేనలా అనలేదు" అంటావు. కాగితమైతే ఇద్దరం మాట మార్చలేం.

కుమూహాలాలో ఇప్పుడు రెండువందల ఆరు ఇళ్లున్నాయి. అన్నీ లావా పటంలో ఒకటో నంబరు రంగులోనే, అంటే అన్నిటికన్నా ప్రమాదమైన చోటే ఉన్నాయి, అది నీకు నేను చెప్పక్కర్లేదు. కాలనీ నుంచి బయటపడడానికి ఉన్నది ఒక్క రోడ్డు. అదీ పైకి, కొండ పగుళ్లున్న వైపుకే పోతుంది. భూమి గట్టిగా కదిలితే ముందు విరిగేది ఆ రోడ్డే. ఇంకో దారి మన స్థలంలోంచి సముద్రం వైపు దిగే పాత చెరుకు బండ్ల బాట. దాని గేటుకి గొలుసు చుట్టి, తాళం వేసుకుని కూర్చున్నావు నువ్వు.

తొకునాగా మాస్టారు కమిటీ పెద్దగా ఏడాది పాటు ఇంటింటికీ తిరిగి, లావా వస్తే ఊరు ఖాళీ చేసే ప్లాను గీశారు. ఎవరింట్లో ముసలివాళ్లున్నారు, ఎవరికి కారు లేదు, ఎవరు ఎవర్ని ఎక్కించుకోవాలి, అంతా రాశారు. పటంలో మన గేటు దగ్గర ఎర్ర సిరాతో "మూసి ఉంది" అని రాసి ఉంది. ఆ ఎర్ర సిరా చెరపడానికి నీ సంతకం కావాలి. ఆ స్థలంలో సగం నాది కూడా. అయినా మర్యాదగా అడుగుతున్నాను.

మోవని


కుమూహాలా
జనవరి 17

కమిటీ సెక్రటరీ మోవని గారికి,

ముద్ర బాగుంది. మర్యాద ఇంకా బాగుంది. హీలోలో పక్కా ఇంట్లో కూర్చుని ఇక్కడి మా ప్రాణాల గురించి దిగులు పడే ఆడపడుచు నాకుందంటే, నా అదృష్టానికి నాకే దిష్టి తగిలేట్టుంది.

గేటు ఎందుకు మూశానో మర్చిపోయావా, మర్చిపోయినట్టు నటిస్తున్నావా? ఏడేళ్ల కింద పైన కొండ పగిలి లావా కనపడగానే, మన గొలుసు తాళం తెరిచే అంకెలు ఊరంతా పంచింది ఎవరు? మీ అన్నని అడగలేదు, నన్ను అడగలేదు. జనం తప్పించుకోవడానికి అన్నావు. వచ్చింది ఎవరు? తమాషా చూసేవాళ్లు. ఐస్ పెట్టెల్లో బీరు పెట్టుకుని, కుర్చీలేసుకుని. మా బొప్పాయి చెట్లు విరిచారు. వాననీళ్ల ట్యాంకుని ఒకడు బండితో గుద్ది పోయాడు. మీ అన్న హైరామ్ మూడు వారాలు ఆ గంధకం పొగలో గేటు దగ్గర నిలబడి వాళ్లని వెనక్కి పంపాడు. ఉబ్బసం మనిషి అని నీకు తెలీదా? మార్చి ఒకటిన పోయాడు. వెనకపెరట్లో హాలా మొగలి చెట్టు పక్కన పడుకున్నాడు. నీ రెండో దారి ఆయన కాళ్ల దగ్గర నుంచే పోతుంది.

సంతకం పెట్టను. ఎర్ర సిరా సరిపోకపోతే ఇంకో సీసా కొనుక్కో.

డెల్ఫీనా


హీలో
ఫిబ్రవరి 2

డెల్ఫీనా వదినకి,

అన్న చావుని నా మెడకి కట్టడం నీకు ఏడేళ్లుగా అలవాటే. నేను పోట్లాడ్డానికి రాయలేదు, అయినా నువ్వు పోట్లాటే తెచ్చావు కాబట్టి నాలుగు మాటలు విను.

నెల రోజుల్లో మీ కాలనీ కింద నూట నలభై సార్లు భూమి కదిలింది. నువ్వు లెక్కచెయ్యవు, పరికరాలు లెక్కచేస్తున్నాయి. నీ ఇల్లు కర్ర స్తంభాల మీద ఊరికే కూర్చుని ఉంది, పీట మీద గిన్నె పెట్టినట్టు. ఐమూలగా నాలుగు కర్ర బద్దలు కొట్టి స్తంభాలు బిగించుకోమని కమిటీ కాగితం మూడుసార్లు వచ్చింది. ట్యాంకు నుంచి ఇంట్లోకి వచ్చే గొట్టం గట్టిది తీసేసి వంగేది పెట్టుకోమన్నాం. చేశావా? చెయ్యవు. ఆ కాగితం మీద కింద నా పేరుంది కదా.

నువ్వు ఒప్పుకోకపోతే లాయరు దగ్గరికి పోతాను. సగం స్థలం నాది. నా సగంలోంచైనా బాట వేయిస్తాను. అన్న సమాధికి పది గజాలు ఎడంగా పోతుంది, కొలిపించాను. ఊరికే ఏడుపు అడ్డం పెట్టకు.

మోవని


కుమూహాలా
ఫిబ్రవరి 10

మోవనీ,

లాయరు దగ్గరికి పో. అలాగే మీ అన్న ఎముకల్ని కూడా సగం సగం పంచమని అడుగు.

మొన్న తొకునాగా మాస్టారు వచ్చారు. ఆయన ఉత్తరాల మనిషి కాదు, నీలాగా కాదు. చేతిలో రెండు అరటి గెలలు, జేబులో టేపు. "గేటు వెడల్పు కొలుచుకుని పోతానమ్మా, నీళ్ల లారీ పడుతుందో లేదో చూడాలి, అంతే" అన్నారు. "మాస్టారూ, తెరవని గేటుకి వెడల్పు ఎందుకండీ?" అన్నాను. "లెక్కల టీచరుని కదమ్మా, తెలియకపోతే నిద్ర పట్టదు" అన్నారు. కాఫీ ఇచ్చాను, తీపి రొట్టె పెట్టాను, పంపేశాను. డెబ్భై తొమ్మిదేళ్ల మనిషి ఎండలో వంగి టేపు పట్టుకుంటే పాపం అనిపించింది. ఆ పాపం నీ ఖాతాలోకే. నువ్వే ఎగదోసి పంపి ఉంటావు.

ఇక ప్లాను అంటావా, నాకూ ఒకటుంది. పేలే అవ్వ, ఆ కొండ నిప్పు తల్లి, ఇటు బయల్దేరిందని తెలిస్తే ఇల్లు శుభ్రంగా ఊడుస్తాను. గడ్డి కోస్తాను. గుమ్మం దగ్గర పూలు పెడతాను. తలుపు బార్లా తీసి, బ్యాగు పట్టుకుని నడిచి వెళ్లిపోతాను. మా అత్తగారు, అంటే మీ అమ్మ, నాకు నేర్పిన ప్లాను అది. దానికి పటం అక్కర్లేదు, ముద్ర అక్కర్లేదు.

డెల్ఫీనా


హీలో
ఫిబ్రవరి 20

వదినా,

పేలే అవ్వకి ఇంటి తలుపు తీసి పెడతావు. రెండువందల ఇళ్ల జనానికి మాత్రం గేటు తియ్యవు. మా అమ్మ నీకు సగమే నేర్పినట్టుంది.

ఇక రాయకూడదనుకున్న మాట రాస్తాను. నువ్వు లాగావు కాబట్టి రాస్తున్నాను.

ఏడేళ్ల కింద ఆ తాళం అంకెలు ఊరికి ఇమ్మని చెప్పింది అన్న. నేను కాదు. తొలి రోజు సాయంత్రం నాకు ఫోన్ చేశాడు. "పిల్లలున్న వాళ్లు ఎటు పోతారే, అంకెలు అందరికీ చెప్పెయ్, డెల్ఫీనాకి మాత్రం నేను చెప్పానని అనకు, గోల చేస్తుంది" అన్నాడు. తమాషా చూసే జనం వస్తారని ఇద్దరికీ తట్టలేదు. వాళ్లు వచ్చాక కూడా గేటు మళ్లీ మూద్దామని నేనంటే వద్దన్నాడు. "నేను నిలబడతాను, మూస్తే మనవాళ్లూ పోలేరు" అన్నాడు. అలా నిలబడే పోయాడు.

అంత్యక్రియల రోజు అందరి ముందూ నువ్వు నన్ను హంతకురాలివన్నావు. నేను నోరు విప్పలేదు. భర్త చేసిన పనికి భర్తనే పోగొట్టుకున్నానని నీకు తెలిస్తే నువ్వేమైపోతావోనని. ఏడేళ్లు నీ తిట్లు కడుపులో పెట్టుకున్నాను. ఇక నా వల్ల కాదు. నమ్మితే నమ్ము, లేకపోతే మానెయ్.

మోవని


కుమూహాలా
మార్చి 5

మోవనీ,

నీ ఉత్తరం అందింది. చచ్చిపోయినవాళ్ల మీద నేరం తోసేస్తే వాళ్లు లేచి కాదనరు, ఆ సౌకర్యం ఉంది నీకు.

లాయరు కాగితం ఇంకా రాలేదు. వస్తే తీసుకుంటాను. అంతవరకూ గేటు గురించి నాకు ఒక్క ముక్క కూడా రాయొద్దు. ఆ గేటు నాది, దాని సంగతి నేను చూసుకుంటాను.

డెల్ఫీనా


హీలో
మార్చి 26

డెల్ఫీనాకి,

పహోవా స్కూల్లో జనాన్ని ఉంచారని, నువ్వూ అక్కడే ఉన్నావని తెలిసింది. కాలు విరిగిందట. నీ క్షేమం అడగడానికి రాయడం లేదు, ముందే చెప్తున్నాను.

పంతొమ్మిదో తారీఖు పట్టపగలు పన్నెండుంబావుకి ఆ పెద్ద కుదుపు వచ్చాక, పై రోడ్డు మూడు చోట్ల నోరు తెరిచింది. ఆవిరి లేస్తోంది. తొకునాగా మాస్టారు పదకొండు బండ్లని వెంటబెట్టుకుని నీ గేటు దగ్గరికి తెచ్చారు. పటం మీద "మూసి ఉంది" అని తన చేత్తో తనే రాసుకున్న మనిషి. అయినా తెచ్చారు, తను అడిగితే నువ్వు కాదనవని. గేటు మూసి ఉంది. నువ్వు బయటికి రాలేదు. అందరూ వెనక్కి తిరిగి మళ్లీ పై రోడ్డే ఎక్కారు. పగులు దగ్గర మాస్టారు బండి దిగి, ఏ బండీ అందులో పడకుండా చెయ్యి ఊపుతూ నిలబడ్డారు. పది బండ్లని ఒడ్డెక్కించారు. ఆ గాలికి ఆయన గుండె ఆగిపోయింది. ఆయన భార్య హత్సుయే గారు కారులో కూర్చుని చూస్తూ ఉండిపోయారు.

అన్నకి ఏ పొగ తగిలిందో ఆయనకీ అదే తగిలింది. ఇప్పుడు హంతకురాలు ఎవరో చెప్పు.

నివేదిక నేనే రాయాలి. "స్థల యజమాని గేటుకి తాళం వేసి ఉంచడం వల్ల" అని రాశాను. సంతకం పెట్టడం ఒక్కటే మిగిలింది.

మోవని


పహోవా, స్కూలు
మార్చి 29

మోవనీ,

సంతకం పెట్టేముందు ఇది చదువు. ఇష్టమైతే నమ్ము, లేకపోతే మానెయ్. ఈ మాట నీ దగ్గరే నేర్చుకున్నాను.

గేటుకి తాళం లేదు. మార్చి నాలుగున నేనే తీశాను.

నీ ఇరవయ్యో తారీఖు ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం తినలేదు. నిన్ను నమ్మలేదని రాశాను కానీ, నమ్మాను. "గోల చేస్తుంది" అని ఆయన తప్ప ఎవరూ అనరు. ఆయన తెరిచి ఉంచమన్న గేటుని నేను ఏడేళ్లుగా ఆయన పేరు చెప్పి మూసి ఉంచానన్నమాట. నాలుగో తారీఖు పొద్దున్నే తాళంచెవి పట్టుకుని వెళ్లాను.

అప్పటికే గేటు మీద ఎవరో కట్టిన మొక్కు మూట ఉంది, దేవతలకి పెట్టే కీ మొక్క ఆకులతో. లోపల రాయి పెట్టి, ఆకులు చుట్టి, గొలుసు రెండు కొసలూ కలిసే చోట, సరిగ్గా తాళం మీదే కట్టారు. హైరామ్ పోయిన రోజు మొదటి తారీఖే కదా, ఆయన స్నేహితులెవరో పెట్టి ఉంటారనుకున్నాను. ఇంకొకళ్ల మొక్కు నేనెలా విప్పుతాను? మూట కదలకుండా కిందనుంచి వేళ్లు పోనిచ్చి తాళం ఊడదీశాను. గొలుసు అలాగే ఉంది, మూట అలాగే ఉంది. వెనక తాళం లేదని ఎవరికీ కనపడదు. అది నాకు తట్టలేదు.

కుదుపు వచ్చినప్పుడు నేను వంటింట్లో ఉన్నాను. ఇల్లు స్తంభాల మీదనుంచి జారి ఒక పక్కకి కూలబడింది. నువ్వు చెప్పిన బద్దలు కొట్టించలేదు కదా. ఫ్రిజ్ నా కాలు మీద పడింది. తలుపు బిగుసుకుపోయింది. గేటు అక్కణ్ణించి రెండువందల గజాల దూరం. బండ్లు రావడం విన్నాను. హారన్లు విన్నాను. "తోసెయ్యండి, తోసెయ్యండి" అని గొంతు పోయేదాకా అరిచాను. తర్వాత ఒక్కో బండీ వెనక్కి తిరగడం విన్నాను. మర్నాడు ఫైరువాళ్లు వచ్చి తీశారు.

ముందున్న ట్రక్కు నైనోవాది. ఇక్కడ నా ఎదురుగానే మిగతావాళ్లతో చెప్తున్నాడు. మామూలు తాళమైతే గుద్ది పోదుమనీ, ఆకులు కట్టి ఉంటే చెయ్యి రాలేదనీ. పేలే అవ్వ దారికి అడ్డం కట్టినట్టుందని ముసలివాళ్లంతా అన్నారట. మాస్టారే "ఎవరి మొక్కో, ముట్టుకోవద్దు, తిరగండి" అన్నారట. వేరే ఊళ్లో అయితే ఆకులు పీకి అవతల పారేసేవాళ్లు. మనవాళ్లు కాబట్టి తిరిగిపోయారు. ఆ ఆకులు నేనే కట్టానని ఇక్కడ అందరూ అనుకుంటున్నారు. నా బల్ల దగ్గర ఎవరూ కూర్చోరు.

ఇరవై రెండున లావా మన స్థలం మీదుగా పోయింది. గేటు పోయింది, ఇల్లు పోయింది, ఆయన సమాధి పోయింది. ఊడ్చి తలుపు తీసి పెట్టడానికి ఇల్లు నిలబడి ఉంటేగా. ఇప్పుడు తాళం లేదని నేను ఎవరికి చూపించను?

ఆ మూట ఎవరు కట్టారో కనుక్కో. కమిటీ సెక్రటరీవి కదా, నీకు తెలియనిది ఉండదు. దొరికితే నా దగ్గరికి తీసుకురా.

డెల్ఫీనా


హీలో
ఏప్రిల్ 3

వదినా,

నేనే కట్టాను.

మార్చి ఒకటిన పొద్దున్నే వచ్చాను. నీ ఇంటికి రాలేదు, గేటు దాకానే. అన్న కోసం వచ్చానని చెప్తే నిజమే, కానీ మొత్తం నిజం కాదు. మూటని స్తంభానికి కట్టొచ్చు, చెట్టుకి కట్టొచ్చు. సరిగ్గా నీ తాళం మీద కట్టాను. ఏడేళ్లు నన్ను మాట్లాడనివ్వలేదు కదా, ఆ గేటు దగ్గరికి వచ్చినప్పుడల్లా నీ చేతికి అన్నే తగలాలని కట్టాను. తాళం తియ్యాలంటే ముందు ఆయన మొక్కు మీద చెయ్యి వెయ్యాలి, చూద్దాం వేస్తావో లేదోనని. కక్షతో కట్టాను. మొక్కుల్లో కక్ష కలపకూడదని మా అమ్మ చెప్పేది. ముడి గట్టిగా బిగించాను.

దారి తెరవమని మూడు నెలలుగా నీ ప్రాణం తీసిన దాన్ని నేనే దారి మూశాను. ప్లానులో ప్రతి ఇల్లూ రాశాను, ప్రతి ముసలమ్మా రాశాను. కీ ఆకులు కట్టి ఉంటే మనవాళ్లు చచ్చినా ముట్టుకోరని ఆ పటం గీస్తున్న రోజుల్లోనే నాకు తెలుసు. తెలిసే కట్టాను. నిన్ను ఆపడానికి. వాళ్లు ఆగుతారని ఆలోచించలేదు.

నివేదిక బల్ల మీదే ఉంది. పంపలేదు. లావా కింద ఏ ఆకూ మిగల్లేదు. నేను నోరు మూసుకుంటే నీ మీదే పోతుంది. మూడు రోజులు ఆ ఆశతోనే ఉన్నాననీ చెప్తున్నాను, దాచడం నా వల్ల కాదు. నా గురించి ఏమంటావో అను. ఈసారి నేను విని ఊరుకుంటాను.

మోవని


పహోవా, స్కూలు
ఏప్రిల్ 7

మోవనీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఇక్కడ భోజనాల వేళ అందరి ముందూ గట్టిగా చదివితే చాలు, నేను బయటపడతాను. లేచి నిలబడ్డాను కూడా, చంకలో కర్ర పెట్టుకుని. నైనోవా నా వైపు చూశాడు. మళ్లీ కూర్చున్నాను.

నీ మీద జాలి కాదు. నీ మీద నాకు ఎంత కోపం ఉందో కొలవడానికి మాస్టారి టేపు చాలదు. నా తాళం మీద, నా మొగుడి పేరుతో, నా మీద కక్ష కట్టావు. దాన్ని నేను మర్చిపోను.

కానీ నా ఐదో తారీఖు ఉత్తరం గుర్తుందా? తాళం తీసిన మర్నాడు రాశాను. "తాళం తీశాను" అని రెండు మాటలు రాసి ఉంటే మాస్టారు ఆ ఎర్ర సిరా కొట్టేసేవారు. అందరికీ చెప్పేవారు. ఆకులు ఉన్నా తోసుకుని పోయేవారు. నువ్వూ వచ్చి నీ మూట విప్పుకునేదానివి. ఆ రెండు మాటలకి నా చెయ్యి రాలేదు. నువ్వు గెలిచావని నీకు తెలియకూడదని. తెరిచిన గేటుని నీకు తెలియకుండా దాచుకున్నాను, దాచిపెట్టి "ఆ గేటు నాది" అని రాశాను. ఇద్దరం కలిసి చేశాం మోవనీ. ఒకళ్ల వల్ల అయ్యే పని కాదది.

హత్సుయే గారు కెయావులో మేనకోడలి ఇంట్లో ఉన్నారట. మాస్టారి చెప్పులు ఇంకా కారులోనే ఉన్నాయని, కారు తలుపు తియ్యనివ్వడం లేదని విన్నాను. ఆదివారం పది గంటలకి నేను వెళ్తున్నాను. నాకు బండి నడపడం కుదరదు. నువ్వు వచ్చి నన్ను ఎక్కించుకో. దారిలో మాట్లాడకు. అక్కడ నీది నువ్వు చెప్పు, నాది నేను చెప్తాను. తలుపు మొహం మీద వేస్తే వేయించుకుందాం. లోపలికి రమ్మంటే అది ఇంకా కష్టం.

నేను క్షమించానని అనుకోకు. నన్ను క్షమించమనీ నిన్ను అడగను. ఒక్కదాన్నే ఆవిడ ఎదురుగా నిలబడలేను, అంతే. నువ్వూ నిలబడలేవు.

ఆ నివేదిక మళ్లీ రాసి తీసుకురా. గేటు మూసింది ఎవరంటే నీ పేరు, నా పేరు, రెండూ రాయి. ముందూ వెనకా వద్దు, పక్కపక్కనే రాయి.

డెల్ఫీనా